గోడ అవతల అత్తగారు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయాక, తల నెరిశాక, చర్చి వెనక పెద్దల బడిలో. దీర్ఘం ఎక్కడ తీయాలో, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండేలోపు పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కథ మాత్రం మా కసోగా వాడలో జరిగినదే.

ఆ పొద్దున నబ్బోసా ఎప్పటిలాగే పెరట్లో పీట వేసుకుని పచ్చి అరటికాయలు చెక్కుతోంది. అరటాకుల్లో కట్టిన మటోకె మూట ఒకటి అప్పటికే పొయ్యి మీద ఆవిరికి మగ్గుతోంది. ఆమె భర్త లుబ్వామా గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. లుబ్వామా మా వాడ మండలి ఛైర్మన్.

"ఇంట్లో ఉన్నది ఇద్దరం. పిల్లలు హాస్టల్లో ఉన్నారు. ఆ రెండో మూట ఎవరికి?" అన్నాడు.

"చర్చి ఆడవాళ్ళకి. ఈవేళ వంట వంతు నాది."

"ఈ మధ్య రోజూ నీ వంతే వస్తున్నట్టుందే."

"మీటింగులు రోజూ మీకే వస్తున్నాయిగా నస్సూనా నాన్నా, ఇదీ అలాగే," అంది నబ్బోసా, పెద్దకూతురి పేరుతో భర్తను పిలుస్తూ, తల ఎత్తకుండా. లుబ్వామా నవ్వి ఊరుకున్నాడు.

ఆమె అబద్ధం చెప్పింది. ఆ మూట తల్లి నముకాసా కోసం. నముకాసాకి గొంతులో పుండు లేచింది. కొండ మీది పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టించుకోవడానికి దూరపు ఊరి నుంచి వచ్చింది. రోజుకి కొంచెం చొప్పున వారాల తరబడి పెట్టాలట. ఆసుపత్రిలో మంచం దొరికేది నడవలేని వాళ్ళకే. నడవగలిగిన వాళ్ళు వైద్యం అయ్యాక బయటికి వచ్చి, చీకటి పడితే వరండాలో చాప పరుచుకుంటారు. పట్నంలో ఉండే తన మేనల్లుడి గదిలోనే అత్తగారు దిగిందని లుబ్వామా అనుకుంటున్నాడు. ఆ మేనల్లుడు గది వదిలేసి ఎడారి దేశానికి పనికి వెళ్ళిపోయాడని అతనికి తెలియదు.

కూతురి ఇల్లు అంత దగ్గర ఉండగా వరండా ఏమిటని మీరు అడగవచ్చు. మా దగ్గర అత్త అల్లుడి ఇంట పడుకోదు. ఎదురుపడితే ఒకరు దారి తప్పుకోవాలి. మాట్లాడాలంటే గోడకి అటొకరు ఇటొకరు నిలబడి గొంతు పెంచి మాట్లాడుకోవాలి. ఒకరికొకరు తగిలితే ఒళ్ళు వణికే జబ్బు వస్తుందని మా పెద్దలన్నారు. వాళ్ళు అన్నది నిజమా కాదా అని ఎవరూ పరీక్షించి చూడలేదు. అది మర్యాద, అంతే.

"అల్లుడికి చెప్పకే," అంది నముకాసా వచ్చిన రోజునే. "ఆయనేం చేస్తాడు? చేయలేని పని మగవాడి చెవిన వేస్తే అవమానించినట్టే."

నబ్బోసా తానే ఒక గది వెతకబోయింది. మా వాడలో అద్దె గదులన్నీ ముసిసివి. "ఒక ముసలామెకి, ఆసుపత్రికి వచ్చి పోవడానికి," అని అడిగింది, ఎవరో చెప్పకుండా.

"కాన్సరేనా?" అన్నాడు ముసిసి.

ఆమె తల దించుకుంది.

"వద్దమ్మా. రాత్రి దగ్గితే పక్కగదివాళ్ళు పొద్దున్నే తట్టాబుట్టా సర్దుకుంటారు. నా గదుల్లోంచి శవం లేస్తే ఆపైన ఎవరు దిగుతారు?"

అలాంటి రోగుల కోసమే ప్రభుత్వం ఒక వసతి గృహం కట్టాలనుకుంది. స్థలం మా కసోగాలోనే, పాత పత్తి గోదాము కూలగొట్టిన చోట. ఆ మాట తెలిసినప్పటి నుంచి వాడంతా మండిపోయింది. రోగం అంటుకుంటుందని కొందరు, రోజూ ఏడుపులు వినాల్సి వస్తుందని కొందరు, పిల్లలు బంతాడుకునే జాగా పోతుందని కొందరు. అందరికంటే ముందు నిలబడి వద్దన్నది లుబ్వామా.

అతను చెడ్డవాడు కాదు. ఎవరింట చావైనా రాత్రంతా మంట దగ్గర కూర్చునేవాడు. కానీ మా వాడ ఎన్నికలో పెట్టె, చీటీ ఉండవు. పోటీ చేసిన వాళ్ళ వెనక జనం వరుస కడతారు, పొడవైన వరుస గెలుస్తుంది. ఎన్నిక రోజు ముసిసి తన గదుల్లో ఉన్న వాళ్ళందరినీ తోలుకొచ్చి లుబ్వామా వెనక నిలబెట్టాడు. తన వెనక నిలబడ్డ ప్రతి ముఖం లుబ్వామాకి గుర్తే. అదే అతని బలం, అదే అతని మెడకి తాడు.

ఆ పొద్దున నబ్బోసా అరటికాయలు చెక్కడం పూర్తి కాకుండానే ముసిసి వచ్చాడు.

"ఛైర్మన్! నువ్విక్కడ బూట్లు మెరిపించుకో. అక్కడ లారీ ఇటుకలు దించేస్తోంది."

"ఈవేళేనా?"

"మరి నిన్నడిగి దించుతారా? మేమంతా నీ వెనక నిలబడ్డది ఎందుకయ్యా, నీ వీపు చూడ్డానికా?"

లుబ్వామా బూటు గుడ్డ పడేశాడు. లోపలికి వెళ్ళి కాగితం తీసి, మండలి అనుమతి లేదు కాబట్టి పని ఆపాలని రాసి, ఊదారంగు సిరాలో అద్ది ముద్ర కొట్టాడు. ఆ ముద్ర లేకుండా మా వాడలో ఎవరికీ ఏ పనీ జరగదు. బ్యాంకు ఖాతాకి అదే, పోలీసు స్టేషన్లో జామీనుకి అదే, కొత్తగా అద్దెకి దిగినవాడు ఫలానా అని చెప్పడానికీ అదే. ఇన్ని పనులు చేసే ముద్ర ఒక లారీని ఆపలేదా అనుకున్నాడు. అతనే కాదు, మేమందరం అలాగే అనుకున్నాం. అతని వెనకే బిలబిలమంటూ వెళ్ళాం.

మేస్త్రీ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని మర్యాదగా చదివాడు.

"ఛైర్మన్ గారూ, ముద్ర చక్కగా పడింది. నాకూ ఒకటి కావాలి, ఇక్కడ గది తీసుకుంటున్నా. పరిచయ పత్రం రాసిస్తారా?"

"ముందు పని ఆపు."

"నాకైతే పరిచయ పత్రం కావాలి గానీ, ఇటుకలకి ఎందుకండీ?" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లారీ వాడికి చెయ్యి ఊపాడు. కూలీలు నవ్వారు. మా వాళ్ళలోనూ ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందోనని లుబ్వామా వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

అందుకే ఆదివారం మండలి షెడ్డులో సభ పెట్టాడు. పట్టణ సభ నుంచి అధికారిణి అపియోను పిలిపించాడు. ఆ షెడ్డు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. రేకు గోడకి ఇటు నా వరండా, అటు సభ. ఎవరు తుమ్మినా నాకు వినిపిస్తుంది.

ఆదివారం ఆసుపత్రిలో కరెంటు పెట్టరు. ఆ రోజు నబ్బోసా తల్లిని నా ఇంటికి తీసుకొచ్చి, నా పెరట్లో వేడినీళ్ళు పోసేది. అల్లుడి పెరట్లో అత్త స్నానం చేయకూడదు కదా. ఆ ఆదివారం కూడా నముకాసా స్నానం చేసి, మా ఆడవాళ్ళు కట్టే నిండు గౌను, ఉతికిన గోమెసి కట్టుకుని, నా వరండాలో చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మెడ మీద చర్మం కరెంటుకి కమిలి నల్లబడింది. గొంతు బొంగురుపోయింది. నబ్బోసా ఆమెకి జావ తాగిస్తోంది. సభ అప్పుడు మొదలైంది. ముసలామెను ఆ మాటలు వినకుండా ఎక్కడికి తీసుకెళ్ళాలో మాకు తోచలేదు.

అపియో నెమ్మదిగా చెప్పింది. "ఆ స్థలం కేంద్ర ప్రభుత్వానిది. నక్షా మంత్రిత్వ శాఖ ఆమోదించింది. పట్టణ సభను అడిగింది రెండే సంగతులు, మురుగు కాలువ ఎటు పోవాలి, అంబులెన్సు ఎటు తిరగాలి అని. అవి చెప్పాం. కట్టొద్దనే అధికారం మాకు లేదు."

"మీకు లేకపోతే మాకుంది," అన్నాడు లుబ్వామా. "ఇక్కడ బతికేది మేము."

"మండలికి అసలే లేదు ఛైర్మన్ గారూ. మీ కాగితం మా ఆఫీసుకి వచ్చింది. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో కూడా తెలియలేదు."

"అయితే పోయిన ఏడాది మమ్మల్ని కూర్చోబెట్టి అభిప్రాయం ఎందుకడిగారు?"

"అభిప్రాయం అడిగాం. అనుమతి అడగలేదు."

 ముసిసి గొంతు వినిపించింది. "ఇన్నాళ్ళూ మమ్మల్ని నీ వెనక తిప్పింది దీనికా ఛైర్మన్? లేని కొరడా ఝళిపించావన్నమాట."

జనం మళ్ళీ నవ్వారు. ఆ నవ్వే లుబ్వామాను చెడగొట్టింది. ఓడిపోయిన మనిషి తన కంటే కిందివాణ్ణి వెతుక్కుంటాడు. అతను బల్ల గుద్దాడు.

"కట్టుకోనివ్వండి! గోడలు కట్టడం వాళ్ళ చేతిలో ఉంది, దారి మన చేతిలో ఉంది. ఆ రోగులు మన వీధిలో ఎలా నడుస్తారో చూద్దాం. చచ్చేవాళ్ళు వాళ్ళ ఊళ్ళో చావొచ్చుగా! పరాయి వాళ్ళ గుమ్మాల ముందుకి చావును మోసుకురావడం ఏమిటి? వాళ్ళకి కన్నబిడ్డలు లేరా?"

నబ్బోసా చేతిలో చెంచా ఆగిపోయింది. నేను ముసలామె వైపు చూడలేక నేల చూశాను. నముకాసా తువ్వాలుతో తల కప్పుకుని, గోడ వైపు తిరిగి, ఆ బొంగురు గొంతునే పెంచి మాట్లాడింది.

"ఉన్నారు అల్లుడు గారూ. ఒక కూతురు ఉంది."

 లుబ్వామాకి ఆ గొంతు తెలుసు. పెళ్ళి మాటల నాడు వాకిలి అవతల నుంచి "మా పిల్లకి కోపం ఎక్కువ, ఓర్చుకో నాయనా" అన్న గొంతు అది. బెంచీ కిర్రుమంది. అతను నేల మీదకి జారి కూర్చున్నాడని తరువాత చెప్పుకున్నారు.

"అత్తగారూ..." అన్నాడు చివరికి. "క్షేమమా?"

"క్షేమమే నాయనా. మీరంతా క్షేమమా? పిల్లలు బాగా చదువుతున్నారా?"

"చదువుతున్నారు." ఆ గొంతు గోడకి దగ్గరైంది. "మీరు... ఎక్కడ ఉంటున్నారు?"

"కొండ మీద, ఆసుపత్రి వరండాలో. గాలి బాగా వస్తుంది."

"వాన పడితే?"

"చాప చుట్టి చంకన పెట్టుకుని నిలబడతాం. అందరం ఆనుకుని నిలబడితే చలి తెలియదు. మంచి మనుషులు నాయనా, ఎక్కడెక్కడి వాళ్ళో. నువ్వు నొచ్చుకోకు. నువ్వన్నది నన్ను కాదుగా."

ఆ చివరి మాట తిట్టయినా బాగుండేది. షెడ్డులో ఉన్న వాళ్ళు ఇళ్ళకి పోదామన్నా పోలేకపోయారు. అత్తగారు గుమ్మం దగ్గర ఉండగా ఛైర్మన్ బయటికి రాకూడదు, ఛైర్మన్ లేవకుండా సభ ముగియదు. తలలు దించుకుని అందరూ అలాగే కూర్చున్నారు. ఆఖరికి నబ్బోసా లేచింది. షెడ్డు గుమ్మంలో నిలబడింది. మా ఆడవాళ్ళం భర్తతో మాట్లాడాలంటే మోకాళ్ళ మీద కూర్చుంటాం. ఆమె కూర్చోలేదు.

"ముసిసి గారూ, మీరు గది ఇవ్వనన్నది మా అమ్మకే. నస్సూనా నాన్నా, మీరు ఇటుకలకి రాసిన కాగితం మా అమ్మకి రాసినట్టే. ఇప్పుడు దారి వదలండి, ఆమెను కొండ ఎక్కించాలి."

"ఎవరూ దారి అడ్డగించలేదు నబ్బోసా," అన్నాడు లుబ్వామా గొణుగుతున్నట్టు.

"ఇందాకే అడ్డగిస్తానన్నారు. అందరూ విన్నారు."

వాళ్ళు వెళ్ళాక అపియో తన బ్యాగు సర్దుకుంటుంటే లుబ్వామా ఆమె వెనకే నా వాకిట్లోకి వచ్చాడు. "అమ్మా, అది ఎప్పటికి పూర్తవుతుంది? కొంచెం త్వరపెట్టించలేరా?"

అపియో అతని ముఖంలోకి చూసి, గొంతు తగ్గించింది. "వచ్చే ఏడాది వానలయ్యాక అంటున్నారు. ఆపడం మా చేతిలో ఎలా లేదో, త్వరపెట్టడం కూడా అలాగే లేదండీ."

నబ్బోసా కొండ దిగి వచ్చేసరికి అతను పొయ్యి దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో జరిగింది నబ్బోసా తరువాత నాకు చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే ఏం చేసేవారు?"

"ఏదో ఒకటి చేసేవాణ్ణి."

"ఏం చేసేవారో చెప్పండి. ముసిసిని కాదని గది ఇప్పించేవారా? ఆ గృహం రానివ్వండని మీ వరుసకి చెప్పేవారా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాడట. "చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు. "ఇంకా గట్టిగా అరిచేవాణ్ణేమో, ఎవరికీ అనుమానం రాకుండా."

నబ్బోసాకి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన అబద్ధమాడి ఉంటే పుట్టింటికి వెళ్ళిపోయేదాన్ని అక్కా, అంది నాతో.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే లుబ్వామా పరుపు నెత్తిన పెట్టుకుని, దుప్పటి భుజాన వేసుకుని వస్తున్నాడు. మండలి షెడ్డు తలుపు తీసి, బెంచీలు ఒక పక్కకి జరిపి, పరుపు పరిచాడు.

"ఏమిటిది ఛైర్మన్?" అన్నాను.

"నల్వోగా అక్కా, అల్లుడుంటేనే కదా అది అల్లుడి ఇల్లు. నేను లేకపోతే అది ఆమె కూతురి ఇల్లు. అంతేనా?"

"అంతే."

"మీరు పెద్దవారు. ఆ మాట ఆమెకి మీరు చెప్పండి. నేను చెబితే నాకు గొంతు రాదు."

నేను కొండ ఎక్కి చెప్పాను. నముకాసా ససేమిరా అంది. "అల్లుణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టి పడుకున్న అత్త అని నా మీద పాట కడతారే!" అంది. కట్టనివ్వు, అన్నాను. అప్పటికే కడుతున్నారు. ఆ పొద్దున్నే కుళాయి దగ్గర ఆడవాళ్ళు పెళ్ళాం గెంటేసిందట అని నవ్వుకున్నారు. సారా కొట్టు దగ్గర మగవాళ్ళు, ప్రభుత్వం కట్టే ఇంటిని ఆపబోయి సొంత ఇంట్లోంచి బయటపడ్డాడని నవ్వారు.  ఆ రోజు సాయంత్రం లుబ్వామా తన వెనక వరుస కట్టిన ఒక్కొక్కరి గుమ్మం ముందూ నిలబడి, "దారి అడ్డగిస్తానన్నాను. తప్పు మాట అది. ఎవరూ అలా చేయకండి," అని చెప్పి వచ్చాడు. ముసిసి తలుపు తీయలేదు. మూసిన తలుపుకే ఆ మాట చెప్పి వచ్చాడు.

నముకాసా మరునాడు బోడా బండి మీద, అంటే అద్దె మోటారుసైకిలు మీద, దిగింది. ఆమె వీధి దాటేదాకా లుబ్వామా షెడ్డు వెనక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆపైన ప్రతి పొద్దునా, సాయంత్రం తన కంచె బయట నిలబడి పలకరించేవాడు. "అత్తగారూ, నిద్ర పట్టిందా?" "పట్టింది నాయనా. నీకు దోమలు కుట్టాయా?" అన్నీ ఇలాంటి మాటలే. అసలు మాట అతని నోట రాలేదు. ఈవేళ చెబుతాను, రేపు చెబుతాను అని నాతో అనేవాడు. ఎదురుగా ఉంటే కాళ్ళ మీద పడొచ్చు అక్కా, మా ఇద్దరి మధ్య ఉన్నది గొంతు ఒక్కటే, అది కూడా సిగ్గుతో పూడుకుపోతోంది అనేవాడు.

వైద్యం చివరికి వచ్చేసరికి ఆమె గొంతు ఇంకా తగ్గిపోయింది. ఒక సాయంత్రం అతను కంచె బయట నిలబడి ఎప్పటిలాగే పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. నేను నా వరండాలోంచి చూస్తూనే ఉన్నాను.  లోపలికి పరిగెత్తబోయి ఆగాడు. అడుగు వేయకూడదు కదా. కంచె కర్రలు రెండు చేతులా పట్టుకుని వీధంతా వినేలా అరిచాడు.

"అత్తగారూ! తప్పయింది! ఆ రోజు నేనన్నది మిమ్మల్నే! మీరు ఎవరో తెలియక అన్నానని మీరు సర్దుకున్నారు. తెలియకపోతే మాత్రం అనొచ్చా? ఆ వరండాలో ఉన్నవాళ్ళంతా ఎవరికో అత్తలే, అమ్మలే! తప్పయింది అత్తగారూ, వింటున్నారా?"

వీధిలో వెళ్ళే వాళ్ళు ఆగిపోయారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి నబ్బోసా బయటికి వచ్చింది.

"వింటోంది. మధ్యాహ్నం నుంచి గొంతు పెగలడం లేదు. కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందని డాక్టరు చెప్పాడు, మళ్ళీ వస్తుందట."

"నేను... చెప్పడం ఆలస్యం చేశాను. ఆమె ఏమీ అనలేదా?"

"మాట లేదుగా. చేత్తో అడిగింది."

"ఏమని?"

నబ్బోసా వేళ్ళు ముడిచి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. "అన్నం తిన్నాడా అని."

లుబ్వామా అక్కడే కంచె మొదట్లో కూలబడ్డాడు. నబ్బోసా లోపలికి వెళ్ళి, మటోకె, వేరుశనగ పులుసు పళ్ళెంలో పెట్టి తెచ్చి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని అందించింది. అతను ఏడుస్తూనే తిన్నాడు. గోడ అవతల ముసలామె అతను తినే చప్పుడు వింటూ కూర్చుందట.

— నల్వోగా, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు మసాకా దగ్గర మా చెల్లెలి తోటలో ఉంటున్నాను.